సగం ఆటలో పక్కన కూర్చున్న కుర్రాడు

2018 జనవరి 8న అట్లాంటాలో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ కాలేజీ ఫైనల్ ఊసు జార్జియా రాష్ట్రం వాళ్ల దగ్గర ఎత్తకూడదు. ఆ తర్వాత రెండుసార్లు ఛాంపియన్లయినా ఆ మంట చల్లారలేదు. సగం ఆట అయ్యేసరికి మనవాళ్లు 13–0తో ముందున్నారు. మనవాళ్లంటే జార్జియా యూనివర్సిటీ జట్టు, బుల్‌డాగ్స్. అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఇల్లు కొనుక్కుని వాయిదాలు కడుతుంటే ఎవరికైనా ఈ ‘మన’ దానంతటదే వచ్చేస్తుంది. అవతల అలబామా యూనివర్సిటీ. వాళ్ల కోచ్ నిక్ సేబన్. ఇటు కోచ్ కర్బీ స్మార్ట్, ఏళ్ల తరబడి ఆ సేబన్ దగ్గరే పనిచేసినవాడు.

అప్పుడు సేబన్ తన క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాణ్ణి, మార్చేశాడు. జేలెన్ హర్ట్స్ అంటే అల్లాటప్పా కుర్రాడు కాదు. అతను మొదటి నుంచీ ఆడిన మ్యాచ్‌లలో అలబామా 25 గెలిచి, రెండే ఓడింది. అతన్ని ఫైనల్ మధ్యలో కూర్చోబెట్టి, హవాయి నుంచి వచ్చిన మొదటి సంవత్సరం కుర్రాడు టువా టాగోవైలోవాకి బంతి ఇచ్చాడు. 20–20తో ఓవర్‌టైమ్. జార్జియా మూడు పాయింట్లు కొట్టింది. టువా మొదటి ప్లేలోనే, అంటే మొదటి ఎత్తులోనే, దొరికిపోయి 16 గజాలు వెనక్కి పోయాడు. మా హాల్లో అప్పటికే కేకలు, విజిల్స్. తర్వాతి ప్లేలో అతను విసిరిన బంతి 41 గజాల అవతల డెవాంటా స్మిత్ చేతుల్లో పడింది. టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించడం), ఆరు పాయింట్లు. 26–23. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. బిర్యానీ గిన్నెలు ఎవరివి వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు.

అందరూ సేబన్ ధైర్యం గురించే చెప్పుకున్నారు. నాకప్పుడు కొడుకు ఇంకా డైపర్లలో ఉన్నాడు, ఫుట్‌బాల్ కోచింగ్ నాకెందుకని అనుకున్నాను. ఇప్పుడు వాడు ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఇందులో టాకిల్, అంటే మనిషిని పట్టుకుని పడేయడం, ఉండదు, నడుముకి కట్టిన ఫ్లాగ్ లాగితే ఆట ఆగుతుంది. తలకి దెబ్బలు తగులుతాయన్న భయంతో మా ఆవిడ ఒప్పుకున్నది దీనికి మాత్రమే. ఇలాంటి లీగ్‌లు నడిచేది తల్లిదండ్రుల వాలంటీర్ పనితోనే కాబట్టి, గుంటూరులో క్రికెట్ తప్ప ఏమీ తెలియకుండా పెరిగిన నేను కూడా విజిల్ మెడలో వేసుకున్నాను. ఈమధ్య వాడితో కలిసి ఆ మ్యాచ్ మళ్లీ చూస్తే, నా కళ్లు టువా మీద నిలవలేదు. పక్కన నిలబడ్డ హర్ట్స్ మీదకే పోయాయి. తన చోటు లాక్కున్నవాడు టచ్‌డౌన్ కొడుతుంటే సంబరపడుతున్నాడు. మ్యాచ్ అయ్యాక విలేకరుల ముందు కూడా టువాని మెచ్చుకున్నాడు తప్ప కోచ్‌ని ఒక్క మాట అనలేదు. పందొమ్మిదేళ్లవాడు.

మన తెలుగువాళ్లలో ఇది కష్టం. పిల్లాణ్ణి పక్కన పెట్టారంటే ఇంటిల్లిపాదికీ అవమానమే. ‘ఏం తప్పు చేశావ్?’ అన్న ప్రశ్న కారు ఎక్కకముందే వస్తుంది. మార్కుల దగ్గర నేర్చుకున్న అలవాటు ఆటలోకీ తెచ్చుకున్నాం.

మా టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్ మావాడే. కోచ్ కొడుక్కే మంచి పొజిషన్ దొరికితే ఇక్కడ దాన్ని ‘డాడీ బాల్’ అని వెక్కిరిస్తారు. నా టెన్షన్ అదొకటి. పోయిన సీజన్‌లో ఒక శనివారం వాడు వరసగా రెండు బంతులు అవతలివాళ్ల చేతిలో పెట్టాడు. వాణ్ణి మార్చాలని తెలుస్తూనే ఉంది. టైమ్‌అవుట్‌లో పక్కకి పిలిచి, ‘నాన్నా, తర్వాతి డ్రైవ్ నుంచి నువ్వు రిసీవర్. విసిరేది వాడు. నీకు బంతి వస్తుంది, కుడివైపు పరుగెత్తు’ అని చెప్పాను. ఎందుకు అని వాడు అడగలేదు. బెల్టుకున్న వెల్‌క్రో చర్రున విప్పాడు, మళ్లీ అంటించాడు, మళ్లీ విప్పాడు. తర్వాత పరుగెత్తాడు. బంతి రెండుసార్లు వచ్చింది, ఒకటి జారిపోయింది. మ్యాచ్ పోయింది కూడా.

సేబన్ నుంచి నేను తీసుకున్నది మార్చే ధైర్యం ఒక్కటే కాదు. 1998లో ఆయన మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కోచ్‌గా ఉన్నప్పుడు నంబర్ వన్ ఒహాయో స్టేట్‌తో మ్యాచ్ పడింది. అక్కడి సైకియాట్రీ ప్రొఫెసర్ లయొనెల్ రోసెన్ ఆయనకి ఒక లెక్క చెప్పాడు. ఒక ప్లే సగటున ఏడు సెకన్లే, పిల్లల్ని ఆ ఏడు సెకన్ల గురించి మాత్రమే ఆలోచించమను, స్కోర్‌బోర్డు సంగతి వదిలెయ్యమను అని. మిషిగన్ స్టేట్ 28–24తో గెలిచింది. సేబన్ ఆ తర్వాత కోచ్‌గా ఉన్నన్నాళ్లూ ‘ప్రాసెస్’ అని జపించింది దీన్నే. పదేళ్ల పిల్లలకి ఇది భలే పనికొస్తుంది, ఎందుకంటే వాళ్లకి ఏడు సెకన్లకి మించి ఓపిక ఎలాగూ ఉండదు. స్కోర్ గుర్తుపెట్టుకునేది గట్టు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్న మేమే.

ఒకసారి అవతలివాళ్లకి తెలియకూడదని ప్లేలు తెలుగులో అరిచాను. ‘ఎడమ, ఎడమ, వెనక్కి!’ అవతలి టీమ్‌లోనూ ఇద్దరు తెలుగు పిల్లలు! మేముండే ఫోర్సైత్ కౌంటీలో తెలుగు రహస్య భాషగా పనికిరాదు.

హర్ట్స్ కథ తర్వాత ఎటు పోయిందో అందరికీ తెలుసు. అదే ఏడాది డిసెంబర్ 1న, అదే స్టేడియంలో, మళ్లీ జార్జియా మీదే, గాయపడిన టువా స్థానంలో దిగి 35–28తో గెలిపించాడు. మమ్మల్ని రెండోసారి ఏడిపించాడు. ఆ నెలలోనే డిగ్రీ పూర్తి చేశాడు (మా అమ్మకి ఈ కథలో నచ్చిన ఒకే ఒక్క ముక్క). తర్వాత ఓక్లహోమా యూనివర్సిటీ, ఆ తర్వాత ప్రొఫెషనల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) విజయం, అందులో ఎంవీపీ, అంటే మేటి ఆటగాడి అవార్డు. వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని ‘ఓపిక పడితే ఫలితం’ అని తిప్పుతుంటారు. నాకు అందులో పేచీ ఉంది. పక్కన కూర్చున్న పిల్లల్లో చాలామంది ఎప్పటికీ పక్కనే కూర్చుంటారు. సూపర్ బౌల్ వస్తుందని ఆశపెట్టి ఆ రాత్రి హర్ట్స్ చేసిన పనిని పిల్లలకి అమ్మితే, రాకపోయిన రోజున ఆ పనికి విలువ లేదని మనమే చెప్పినట్టవుతుంది. నేను మావాడికి 2018 జనవరి మ్యాచ్ దాకానే చూపించాను. మిగతాది వాడే యూట్యూబ్‌లో వెతుక్కున్నాడు, అది వేరే సంగతి.

వచ్చే సీజన్‌కి వాడు క్వార్టర్‌బ్యాక్ అడగలేదు, రషర్‌గా ఆడతానన్నాడు. ఏడు గజాల అవతల నుంచి దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్ ఫ్లాగ్ లాగడం ఎక్కువ సరదాట. ఈ సంగతి ఆదివారం ఫోన్‌లో మా నాన్నకి చెబితే, ‘అంటే కబడ్డీయేగా?’ అన్నాడు. దాదాపు అంతే అన్నాను. ‘మరి ఇన్నాళ్లూ చెప్పవేంరా, వీడియో పంపు’ అన్నాడు.