తంగేడాకు ఫొటోకు సైనైడ్ లొల్లి: నా అనుభవం

నిన్ననే పిల్లల ఫొటోల ఎగ్జిబిషన్ అయిపోయింది. గోర్ల సందుల నీలిరంగు ఇంకా పోలేదు. కోపం చల్లారక ముందే రాస్తున్న.

నాది నల్గొండల చిన్న ఫొటో స్టూడియో. పెండ్లిండ్లు, ఓణీ ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఫిల్ము రీలు కాలంల మొదలుపెట్టిన. ఎర్రబల్బు కింద ఈ చేతులతోనే బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు తీసినోన్ని. ఇప్పుడు భుజాన లక్ష రూపాయల కెమెరా ఏసుకొని తిరిగేటోళ్లల్ల ప్రింట్లు కడిగే హైపో మందు వాసన చూసినోళ్లు ఎంతమందో చెప్పుమనుండ్రి.

ఆదివారాలు ఐదుగురు ఇంటర్ సెకండియర్ పిల్లలు నా దగ్గర నేర్చుకుంటరు. షట్టర్, అపర్చర్ అన్నీ వచ్చేసినయి. కాలేజీల ఏదన్న ప్రాజెక్టు పెట్టుమన్నరంట. "పొద్దుపొడుపు, ముసలమ్మ ముడుతలు, చెరువుల పడవ, ఈ మూడు నా దగ్గరికి తేవద్దు" అని ముందే చెప్పిన.

ముగ్గురివి అర్ధగంటల తేలిపోయినయి. ఒకడు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం పట్టుకున్నడు. ఆడ పొద్దు జరిగినా గర్భగుడిల నీడ జరగదు గదా, గంటకొక ఫొటో, ఒకే జాగల నిలబడి. వానికి ఒక్కటే చెప్పిన: మాన్యువల్‌ల పెట్టు, ఆటోల పెడితే కెమెరానే తెలివి చూపించి నీడను తెల్లగ చేస్తది. నేతగాళ్ల ఊరు పుట్టపాక పిల్లగాడు, రంగు అద్దే ముందు నూలుకు చిటికి ముడులు కట్టే చేతులు మాత్రమే తీసిండు, ఒక్క ముఖం లేదు. ఇంకొక పిల్ల నా పాత నెగెటివ్‌లు తీసుకొని, పాతికేండ్ల కింద నా స్టూడియోల దిగిన పెండ్లి జంటలను ఎతికి పట్టి, అదే పోజుల మళ్ల నిలబెట్టింది. ఒక పెదనాయన కండ్లనీళ్లు పెట్టుకున్నడు, ఆమె చెయ్యి భుజం మీద పడ్డది ఇదే మొదటిసారంట.

మిగిలిన ఇద్దరు ఆడపిల్లలు అడిగిండ్రు: "అన్నా, కెమెరా లేకుండ ఫొటో రాదా?"

ఎందుకు రాదు. కాగితానికి మందు పూసి ఎండతోని నీలం అచ్చు తీసే పద్ధతి ఒకటున్నది, 1842ల జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండాయన కనిపెట్టిండు, సైనోటైప్ అంటరు. మరుసటేడే అన్నా అట్కిన్స్ అనే ఆమె సముద్రపు నాచును కాగితం మీద పెట్టి ఎండల అచ్చులు తీసి పుస్తకమే మొదలుపెట్టింది. ఒకప్పుడు ఇంజనీర్ల బ్లూప్రింట్ నక్షలు కూడ ఇదే మందుతోని తీసేటోళ్లు. ఇంగ్లండు మబ్బుల కిందనే అంత పని చేస్తే, మన నల్గొండ ఎండకేం తక్కువ? బతుకమ్మ పూలు పెడదామన్నరు పిల్లలు. తంగేడు, గునుగు, కట్ల.

మందులు రెండు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్. హైదరాబాద్ పోయి ల్యాబ్ సామాన్ల దుకాణంల తెచ్చిన. సీసాలు వచ్చిన సంబురంల ఒక పిల్ల లేబుల్ ఫొటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపుల పెట్టింది. ఆడ మొదలైంది నా శని.

తెల్లారి కాలేజీ నుంచి ఫోను. పోతే ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద గంటన్నర కూసోబెట్టిండ్రు. అటెండర్ కూడ నన్ను అదోలా చూసి పోతున్నడు. లోపలికి పిలిచేసరికి హెల్మెట్ చేతుల పట్టుకొని ఒక తండ్రి నిలబడి ఉన్నడు.

"ఫొటోలు తీసుకునేటోనికి సైనైడ్ ఎందుకయ్యా?"

"సార్, అది ఆ సైనైడ్ కాదు. ఇందుల ఇనుము దాన్ని గట్టిగ పట్టుకొని ఉంటది, ఇడిచిపెట్టదు..."

"నువ్వు ఏం చదివినవ్?" అన్నడు ప్రిన్సిపాల్.

నేను ఇంటర్ తప్పిన. తప్పింది కూడ కెమిస్ట్రీలనే. చెప్పక తప్పలేదు. నా దగ్గర నేర్చుకునే ఇద్దరు పిల్లలు తలుపు కాడ నిలబడి ఇంటున్నరు. ముప్పై ఏండ్ల పనితనం ఆ ఒక్క మాటకాడ చిత్తుకాగితమైపోయింది.

దేవతోలె కెమిస్ట్రీ మేడం వచ్చింది. ఏం మాట్లాడకుండ ల్యాబ్ బీరువా తెరిచి ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. పొటాషియం ఫెర్రోసైనైడ్. "ప్రాక్టికల్స్‌ల కాపర్ టెస్టుకు పిల్లలు ఏడాది పొడుగూత వాడేది ఇదే సార్."

"అది ఫెర్రో. ఈయన తెచ్చింది ఫెర్రి. ఫెర్రో ఉండంగ ఫెర్రి ఎందుకు తెచ్చిండు?" అన్నడు ప్రిన్సిపాల్.

మేడం నన్ను చూసింది, నేను మేడంను చూసిన.

ఆఖరికి ఒప్పుకున్నరు, ల్యాబ్‌లనే, మేడం ముందరనే, గ్లౌజులు ఏసుకొనే చెయ్యాలె. అది న్యాయమే. కాని నాతోని వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాపిచ్చిండ్రు. టైపు కొట్టే పిల్లగాడు మధ్యల ఆపి, "సైనైడ్ దేనికి అన్నా?" అని గట్టిగ అడిగిండు. లైన్ల ఉన్నోళ్లంత తలలు తిప్పిండ్రు. బాకీ పత్రం రాసుకునేటప్పుడు కూడ అంత సిగ్గు కాలేదు నాకు.

ఆ తండ్రిది మొత్తం తప్పని నేననను. ఫెర్రిసైనైడ్‌ను పొయ్యి మీద పెట్టినా, గాఢమైన యాసిడ్ పోసినా విషవాయువు వస్తది, అది నిజం. కాని అడిగే తీరుంటది. ఈ పని చెయ్యాలనుకునేటోళ్లకు చెప్తున్న: సీసా కొనకముందే కెమిస్ట్రీ లెక్చరర్‌ను కలువుండ్రి, బిల్లు దాచుకోండ్రి, లేబుల్‌ను వాట్సాప్‌ల మాత్రం పెట్టకుండ్రి.

ఇగ అసలు పని. వంద మిల్లీలీటర్ల నీళ్లల్ల 25 గ్రాముల సిట్రేట్ ఒక సీసా, ఇంకో వంద మిల్లీలీటర్లల్ల 10 గ్రాముల ఫెర్రిసైనైడ్ ఒక సీసా. రెండూ సమానంగ కలిపి, కిటికీలు మూసి, పసుపుపచ్చ బల్బు కింద డ్రాయింగ్ కాగితానికి బ్రష్‌తోని పూసి, చీకట్ల ఆరబెట్టాలె. దాని మీద ఆకు, ఆకు మీద అద్దం, మిద్దె మీద ఎండ. పది నిమిషాలల్ల పచ్చ రంగు బూడిద రంగుకు తిరుగుతది. అప్పుడు నీళ్లల్ల కడిగితే ఆకున్నకాడ తెల్లగ మిగిలి, ఎండ తగిలినకాడ నీలం లేస్తది.

లేసింది, మళ్ల పోయింది. మొదటి రోజు పన్నెండు కాగితాలు కడుగంగ కడుగంగ వెలిసిపోయినయి. మందు కల్తీదేమో అని దుకాణపాయనను అరగంట తిట్టుకున్న. తీరా చూస్తే తప్పు మా బోరు నీళ్లది. ఉప్పునీళ్లు, క్షారం, ఈ నీలానికి క్షారం పడదు. ఫ్లోరైడ్ నీళ్లకు పండ్లు పాడైన జిల్లాల పుట్టి, బోరు నీళ్ల సంగతి యాదికి రాకపాయె నాకు. మర్నాడు నల్లా నీళ్లు పట్టి, మొదటి కడుగుడుకు నాలుగు నిమ్మచుక్కలు పిండినం. నిలిచింది.

తంగేడాకులు మస్తు వచ్చినయి, ఒక్కొక్క చిన్నాకు గీసినట్టు. పువ్వు రెక్కలు పలుచన గదా, ఎండ కొంచెం దూరి లోపలి ఈనెలు కూడ అచ్చుపడ్డయి. పసుపుపచ్చ పువ్వు నీలంల తెల్లగ తేలింది. గునుగు సతాయించింది. బొద్దుగ ఉంటది, అద్దం కింద కూసోదు, అంచులు మసకబారినయి. రాత్రి బరువైన పుస్తకంల అణిచిపెట్టి పొద్దున పెడితే సరిపోయింది. తీసిన వెంబటే రంగు పలుచగ ఉన్నదని పిల్లలు దిగులుపడ్డరు గని, ఆరినంక ఒక రోజుల ఇంకా చిక్కనైతది. ఆగాలె.

నిన్న గోడకు ఇరవై నాలుగు తగిలించినం. ఆ తండ్రి రాలేదు. ప్రిన్సిపాల్ వచ్చిండు, ప్రతిదాని ముందు నిలబడి చూసిండు, తంగేడుది ఒకటి తన గదికి అడిగి తీసుకున్నడు. బాండ్ పేపర్ మాత్రం వాపసియ్యలేదు.

మిగిలిన మందు మేడం బీరువాలనే పెట్టినం. ఫెర్రిసైనైడ్ నీళ్లు బాగనే ఉన్నయి. సిట్రేట్ సీసాల బూజు తేలింది, మళ్ల బతుకమ్మకు అది కొత్తగ కలుపుకోవాలె.