నర్సు నుంచి ఫిజీషియన్ అసిస్టెంటు దాకా

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా స్థిరపడ్డాక మళ్ళీ పుస్తకాలు పట్టి ఫిజీషియన్ అసిస్టెంటును (డాక్టరుతో కలిసి పనిచేస్తూ రోగిని పరీక్షించి మందులు రాసే ఉద్యోగి) ఎందుకయ్యానని మన బ్యాచ్‌వాళ్ళు చాలామంది అడిగారు. ఆ కోరికకు బీజం పడింది మన నర్సింగ్ కళాశాల మెడికల్ వార్డులోనే. జ్వరం, నాడి, శ్వాస లెక్కలు రాసే టి.పి.ఆర్. చార్టులో నాడి 120 అని రాసి ఊరుకుంటే మా ట్యూటరు మేడమ్ ఒప్పుకునేవారు కారు. జ్వరం వల్లనా, రక్తస్రావం వల్లనా, నొప్పి వల్లనా అని అడిగి, కారణం మా నోటితో చెప్పించాకే సంతకం పెట్టేవారు.

అమెరికాలో నైట్ డ్యూటీల్లో ఆ అలవాటే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. గుండె బలహీనపడిన రోగికి ఆయాసం ఎక్కువై, కాళ్ళవాపు పెరిగి, మూత్రం తగ్గితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని తెలిసిపోయేది. అయినా ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే ఫ్యూరోసెమైడ్ మందు ఇవ్వాలంటే ఫోను చేసి ఆర్డరు కోసం ఎదురుచూడాలి. ఆ నియమం సరైనదే. కానీ మోతాదు ఎంత, మూత్రపిండాలు తట్టుకుంటాయా, పొటాషియం పడిపోతుందా అని ఆలోచించి నిర్ణయించే పని నేనే చేయాలనిపించింది. రౌండ్లకు వచ్చే ఫిజీషియన్ అసిస్టెంట్లు రోగిని పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందులు రాయడం చూశాక దారి దొరికింది. జీతం ఆలోచన అసలే లేదంటే అబద్ధమవుతుంది.

ఈ వృత్తి చరిత్ర చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ 1950ల చివర్లో నర్సు థెల్మా ఇంగిల్స్‌తో కలిసి ముందుగా నర్సులకే పైస్థాయి వైద్యశిక్షణ తలపెట్టారు. నర్సింగ్ విద్యకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ అంగీకరించలేదు. 1965లో ఆయన నౌకాదళంలో వైద్యసేవకులుగా పనిచేసిన నలుగురితో ఫిజీషియన్ అసిస్టెంట్ల తొలి తరగతి ప్రారంభించగా, ముగ్గురు 1967లో పట్టా పొందారు. మనకు వేసిన విస్తరిని మన పెద్దలే పక్కకు జరిపారన్నమాట.

నర్స్ ప్రాక్టీషనర్ (పైచదువు చదివి జబ్బు నిర్ధారించి మందులు రాసే నర్సు) కావచ్చు కదా అని అడిగేవారికి నా సమాధానం ఇది. ఆ చదువులో కుటుంబవైద్యమో, పిల్లల వైద్యమో ముందే ఎంచుకోవాలి. ఫిజీషియన్ అసిస్టెంటు చదువులో సర్జరీ, ఎమర్జెన్సీ, ప్రసూతి, మానసిక వైద్యం అన్నిట్లోనూ శిక్షణ పొంది, ఆపైన విభాగం మార్చుకోవచ్చు. అయితే చాలా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనరుకున్నంత స్వతంత్రత మాకు లేదు. పైగా సుమారు 27 నెలల ఈ కోర్సులో ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం. ఇంటి అప్పూ చిన్నపిల్లలూ ఉన్న జూనియర్లు ముందు ఆ లెక్క చూసుకోవాలి. మావారి ఉద్యోగం నిలకడగా ఉండబట్టే నేను సాహసించగలిగాను.