311తో మొదలుపెట్టి: ఆయిలర్ తేల్చిన ఒక ప్రధాన సంఖ్య

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టే 32 బిట్ల గడిలో ఇమిడే అతి పెద్ద విలువగా 2,14,74,83,647 ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ తెలిసినదే. నేనూ చాలా ఏళ్లు దానిని దాటకూడని గట్టుగా మాత్రమే చూశాను. ముప్పై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ఈ సంఖ్య ప్రధాన సంఖ్య కూడా అని ఆలస్యంగా తెలిసింది.

దానిని తేల్చినవాడు గణిత శాస్త్రవేత్త ఆయిలర్. 1772 నాటికి ఆయనకు చూపు దాదాపు పూర్తిగా పోయింది. మామూలు పద్ధతిలో అయితే వర్గమూలం వరకు, అంటే 46,340 లోపు ఉన్న దాదాపు 4,800 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఆయిలర్ ఆ పని చేయలేదు. ఏదైనా ప్రధాన సంఖ్య దీనిని నిశ్శేషంగా భాగిస్తే, దానితో 2 యొక్క ఘాతాలను భాగించినప్పుడు వచ్చే శేషాలు 31 అడుగులకు ఒకసారి తిరిగి మొదలవుతాయి. ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతం దగ్గర శేషం 1 వస్తుందన్న ఫెర్మా సిద్ధాంతం ప్రకారం అప్పుడు ఆ ప్రధాన సంఖ్య నుంచి ఒకటి తీసేస్తే మిగిలేది 31కి గుణిజం కావాలి. పైగా 2 యొక్క 32వ ఘాతం ఒక వర్గం, దాని శేషం 2. అంటే 2 కూడా ఒక వర్గానికి శేషమే కనుక, అలాంటి ప్రధాన సంఖ్యల గురించి తెలిసిన నియమం ప్రకారం ఆ కారణాంకాన్ని 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగలాలి. ఈ రెండు షరతులూ కలిపితే 248తో భాగించినప్పుడు 1 లేదా 63 శేషంగా వచ్చే ప్రధాన సంఖ్యలను చూస్తే చాలు. వరుసలో మొదటిది 311, దాని తర్వాత ఏకంగా 1303. వేలల్లో ఉన్న పని ఇలా వందలోపు భాగహారాలకు దిగింది. 311తో నేను కాగితం మీద భాగించి చూశాను, 35 మిగిలింది; అక్కడితో నా ఓపిక అయిపోయింది.

దీనిని 2 యొక్క 30వ ఘాతంతో గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే తానే వచ్చే సంఖ్య, వస్తుంది. ఇలాంటివి ఉపయోగం లేని వింతలు కాబట్టి ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య కోసం ఎవరూ పూనుకోరని 1811లో గణిత శాస్త్రవేత్త పీటర్ బార్లో రాశాడు. కానీ 1876లో లూకాస్ అనే గణిత శాస్త్రవేత్త ఏకంగా 39 అంకెల మెర్సెన్ ప్రధాన సంఖ్యను, అంటే ఇలాగే 2 యొక్క ఒక ఘాతం నుంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యను, నిరూపించాడు; దానితో ఇంకా పెద్ద పరిపూర్ణ సంఖ్యా దొరికింది.

ఉపయోగం లేదన్న మాట కూడా నిలవలేదు. 9 అనేది 10 కంటే ఒకటి తక్కువ కాబట్టి 9తో భాగిస్తే వచ్చే శేషానికి అంకెలు కూడితే చాలు. అదే కారణంగా ఈ సంఖ్యతో శేషం కావాలంటే కంప్యూటర్ బిట్లను 31 చొప్పున ముక్కలు చేసి కూడుకుంటుంది, భాగహారమే అక్కర్లేదు. 1988లో పార్క్, మిల్లర్ యాదృచ్ఛిక సంఖ్యల కోసం సిఫారసు చేసిన పద్ధతి దీని మీదే నిలబడింది: 1తో మొదలుపెట్టి ప్రతిసారీ 16,807తో, అంటే 7 యొక్క 5వ ఘాతంతో గుణించి శేషం తీసుకుంటూ పోతే, 2,14,74,83,646 వరకు ఉన్న ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి కనిపించిన తర్వాతే 1 మళ్లీ వస్తుంది.