అక్రమ వలస, నేరం: టెక్సస్ లెక్కలు చెబుతున్నదేమిటి

2024 సెప్టెంబరులో అమెరికాలో వలస చట్టాలను అమలు చేసే ఇమ్మిగ్రేషన్ అండ్ కస్టమ్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సంస్థ ఒక కాంగ్రెస్ సభ్యుడికి రాసిన లేఖ ద్వారా 13,099 అనే సంఖ్య బయటికి వచ్చింది. హత్యానేరం రుజువైనప్పటికీ ఆ సంస్థ నిర్బంధంలో లేని విదేశీయుల సంఖ్య అది. ఎన్నికలకు కొద్ది వారాల ముందు వెలువడిన ఈ సంఖ్యను, అంతమంది హంతకులు గత మూడు నాలుగేళ్లలో సరిహద్దు దాటి వచ్చి వీధుల్లో స్వేచ్ఛగా తిరుగుతున్నారన్న అర్థం వచ్చేలా ప్రచారం చేశారు. నిజానికి ఆ జాబితా కొన్ని దశాబ్దాలుగా పేరుకుంటూ వచ్చినది. చట్టబద్ధంగా వచ్చి, ఆ తరువాత నేరం చేసినవారు కూడా అందులో ఉన్నారు. పైగా రాష్ట్రాల జైళ్లలో శిక్ష అనుభవిస్తున్నవారిని కూడా "ఆ సంస్థ నిర్బంధంలో లేనివారు"గానే లెక్కిస్తారు. ఈ వివరాలేవీ ప్రచారంలో వినిపించలేదు. అక్రమ వలసకూ నేరాలకూ ఉన్న సంబంధం గురించి జరిగే చర్చ చాలావరకు ఇలాగే, ఎంతమందిలో ఎంతమంది అని అడగకుండానే నడుస్తోంది.

అడిగినా జవాబు సులభంగా దొరకదన్నది నిజమే. చాలా రాష్ట్రాల నేర గణాంకాల్లో నిందితుడి వలస స్థితి నమోదు కాదు. అందువల్ల కొందరు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జైళ్లలో విదేశీయుల శాతాన్ని చూపి వాదిస్తారు. అయితే అనుమతి లేకుండా సరిహద్దు దాటడం, ఒకసారి పంపించివేసిన తరువాత మళ్లీ రావడం ఫెడరల్ నేరాలే కనుక ఆ కేసులన్నీ ఆ జైళ్ల లెక్కల్లో చేరుతాయి. హత్యలు, దోపిడీలు, దొంగతనాలపై విచారణ ప్రధానంగా రాష్ట్రాల పరిధిలో జరుగుతుంది. అక్రమంగా వచ్చారన్న కారణంతో జైలులో పెట్టి, జైలులో ఉన్నారు కాబట్టి వీరు నేరస్వభావం గలవారని తేల్చడం తర్కానికి నిలవదు.

ఈ చిక్కుముడి కొంతవరకు విడేది టెక్సస్‌లో మాత్రమే. అక్కడ అరెస్టయినవారి వేలిముద్రలను హోంలాండ్ సెక్యూరిటీ శాఖ రికార్డులతో సరిచూసి, ఆ ఫలితాన్ని రాష్ట్ర ప్రజా భద్రతా విభాగం భద్రపరుస్తుంది. 2012 నుంచి 2018 వరకు ఉన్న ఆ రికార్డులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పత్రాలు లేని (అంటే దేశంలో ఉండటానికి చట్టబద్ధమైన అనుమతి లేని) వలసదారులతో పోలిస్తే అమెరికాలో పుట్టిన పౌరులు, జనాభా నిష్పత్తిలో, హింసాత్మక నేరాలకు రెండింతలకు పైగా, మాదకద్రవ్యాల నేరాలకు రెండున్నర రెట్లు, ఆస్తి సంబంధ నేరాలకు నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా అరెస్టవుతున్నారు. అరెస్టులకు బదులు రుజువైన కేసులను తీసుకున్నా, జనాభా అంచనాలను మార్చి చూసినా ఈ ధోరణి మారలేదు.

దీనిమీద వచ్చిన అభ్యంతరాలను కొట్టిపారేయకూడదు. గతంలో వేలిముద్రలు నమోదు కానివారిని అరెస్టు సమయంలో గుర్తించలేకపోవచ్చు. అలాంటివారిలో కొందరి స్థితి జైలుకు వెళ్లిన తరువాతే బయటపడుతుంది. కానీ రెండింతల తేడా చెరిగిపోవాలంటే సగానికి పైగా నిందితులు ఇలా లెక్క తప్పి ఉండాలి. దేశంలో అక్రమంగా ఉంటున్నవారు అధికారిక అంచనాల కంటే చాలా ఎక్కువని వాదించేవారు గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. వారి మాటే నిజమైతే అవే అరెస్టులను మరింత పెద్ద జనాభాతో భాగించాలి, అప్పుడు నేరాల రేటు ఇంకా తగ్గుతుంది.

నాకు అన్నింటికంటే బలంగా తోచే అభ్యంతరం వేరు. పత్రాలు లేని బాధితులు దేశం నుంచి పంపించివేస్తారన్న భయంతో పోలీసుల దగ్గరకు వెళ్లరు కనుక వారి మధ్య జరిగే నేరాలు అసలు నమోదే కాకపోవచ్చు. ఈ భయం కల్పితం కాదు. దర్యాప్తుకు సహకరించే బాధితుల కోసం కాంగ్రెస్ 2000లో యూ వీసాను ప్రవేశపెట్టడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఏడాదికి 10,000 మందికి మించి బాధితులకు ఆ వీసా ఇవ్వరు, అది ఏ మాత్రమూ చాలదు. అయితే హత్యను అంత సులభంగా దాచలేరు, టెక్సస్‌లో హత్య కేసుల అరెస్టుల్లోనూ తేడా అదే దిశలో ఉంది.

వలసదారుల మీద ఈ అనుమానం పాతదే. విదేశాల్లో పుట్టినవారు జనాభాలో తమ వాటా కంటే తక్కువ నేరాలే చేస్తున్నారని నేరాలపై అమెరికా ప్రభుత్వం నియమించిన వికర్‌షామ్ కమిషన్ 1931లోనే చెప్పింది. అరెస్టయినవారి వేలిముద్రలను వలస అధికారులకు చేరవేసే సెక్యూర్ కమ్యూనిటీస్ కార్యక్రమాన్ని 2008 నుంచి 2013 వరకు కౌంటీల వారీగా విస్తరించినప్పుడు, దానివల్ల నేరాల రేటు తగ్గిందా అని పరిశోధకులు పరిశీలించారు. చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు.

ఈ ఫలితాలను ప్రతి దేశానికీ అన్వయించలేం. జర్మనీలో 2023 పోలీసు గణాంకాల ప్రకారం అనుమానితుల్లో సుమారు 41 శాతం మంది విదేశీయులు. వలస చట్టాల ఉల్లంఘనలను తీసివేస్తే అది 34 శాతానికి దగ్గరగా ఉంటుంది. యువకుల సంఖ్య ఎక్కువగా ఉండటం కొంత కారణమైనా, జనాభాలో వారి వాటా కంటే అది ఎక్కువే. ఎవరు, ఏ వయసులో, ఏ పరిస్థితుల్లో వచ్చారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

సగటు లెక్కలు జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో జార్జియాలో ఒక నర్సింగ్ విద్యార్థినిని హత్య చేసిన వ్యక్తి అక్రమంగా దేశంలోకి వచ్చినవాడు, అంతకుముందే పోలీసులకు చిక్కినవాడు. అప్పుడే పంపించివేసి ఉంటే ఆమె బతికి ఉండేది కదా అన్న ఆవేదన న్యాయమైనది. ఆ ముందు అరెస్టుల సమయంలో ఏం జరిగిందో అధికారులు జవాబు చెప్పవలసిందే. కానీ ఆమె పేరున 2025 జనవరిలో వచ్చిన చట్టం, దుకాణంలో చిన్న వస్తువు దొంగిలించారన్న ఆరోపణతో అరెస్టయిన పత్రాలు లేని వలసదారులను సైతం, నేరం రుజువు కాకముందే తప్పనిసరిగా నిర్బంధించాలని చెబుతోంది. హింసకు పాల్పడిన చరిత్ర ఉన్నవారి మీద వెచ్చించవలసిన సిబ్బందినీ నిర్బంధ కేంద్రాల్లోని చోటునూ ఇలాంటి కేసులకు కేటాయించడం వల్ల మరో కుటుంబానికి భద్రత పెరుగుతుందని నేను నమ్మలేకపోతున్నాను.