వాచ్ చూపిస్తున్నది గుండె వేగమా, అడుగుల వేగమా?

ఆర్కే బీచ్ నుంచి లాసన్స్ బే వైపు గబగబా నడుస్తున్నారు. చేతి వాచ్‌లో గుండె వేగం 115 దగ్గర మొదలై, నడక ముగిసేదాకా 112, 118 మధ్యే తిరుగుతోంది. ఆ అంకెను అనుమానించాల్సిందే, ఎందుకంటే చురుగ్గా నడిచే మనిషి నిమిషానికి వేసే అడుగులు కూడా దాదాపు అన్నే. గుండె 95 దగ్గరో 135 దగ్గరో ఉండొచ్చు. వాచ్ మాత్రం అడుగులను పట్టుకుని, అదే గుండె వేగమని చూపిస్తూ ఉండొచ్చు. పరుగెత్తేవాళ్లకు ఇదే తప్పు 165, 175 మధ్య వస్తుంది కాబట్టి, ఆయాసం లేకుండా 172 ఎలా వచ్చిందని వెంటనే అనుమానిస్తారు. నడిచేవాళ్లకు 115 సబబుగానే కనిపిస్తుంది. అందుకే నెలల తరబడి నమ్ముతారు, ఆ లెక్క మీదే నడక పెంచుతారు, తగ్గిస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా నష్టం చేసే తప్పు ఇదే.

వాచ్ అడుగున వెలిగే పచ్చ లైట్లు చర్మంలోకి వెలుగు పంపుతాయి. రక్తం పచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది సన్న నాళాల్లో రక్తం కాస్త పెరిగి, వెనక్కి వచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. పక్కనే ఉన్న సెన్సర్ లెక్కపెట్టేది ఈ హెచ్చుతగ్గులనే. అయితే ఈ తేడా చాలా చిన్నది. చెయ్యి ఊగేటప్పుడు వాచ్ చర్మం మీద రవ్వంత జరిగినా, దానివల్ల వెలుగులో వచ్చే తేడా ఇంతకన్నా పెద్దదిగా ఉంటుంది. చేతి కదలికను కొలిచి లెక్కలోంచి తీసేయడానికి వాచ్‌లో యాక్సిలరోమీటర్ ఉంటుంది. కానీ అడుగుల లయ, గుండె లయ దగ్గరదగ్గరగా వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ బలంగా కనిపించేదాన్నే పట్టుకుంటుంది.

పట్టుకోవడానికి ఒక నిమిషం చాలు. నడుస్తూ 30 సెకన్లపాటు అడుగులు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. వాచ్ అంకె దానికి రెండు మూడు అటూ ఇటూగా ఉంటే టక్కున ఆగి నిలబడండి. గుండె వేగం నిమిషంలో 15, 20 తగ్గడం మామూలే కానీ అయిదారు సెకన్లలో 40 పడిపోదు. అలా పడిపోయిందంటే అప్పటిదాకా చూపించినవి అడుగులే. ఆగిన వెంటనే బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, 15 సెకన్లు నాడి లెక్కపెట్టి 4తో గుణించండి. ఆలస్యం చేస్తే గుండె నెమ్మదించి పోలిక చెడిపోతుంది. ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడు మాత్రం 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయడం మంచిది.

సరిచేయడమంటే ముందు వాచ్ పెట్టుకునే చోటు మార్చాలి. చిటికెన వేలి వైపు పొడుచుకొచ్చే మణికట్టు ఎముక మీద వాచ్ కూర్చుంటే కింద ఖాళీ మిగులుతుంది, వెలుతురు లోపలికి దూరుతుంది. ఆ ఎముకకు రెండు వేళ్ల వెడల్పు పైన, మోచేతి వైపు పెట్టుకోండి. వేలితో వాచ్‌ను పక్కకి నెడితే చర్మం కూడా దానితో పాటు కదలాలి, కానీ వేళ్లు తిమ్మిరెక్కకూడదు. నడక అయ్యాక ఒక రంధ్రం వదులు చేసుకోవచ్చు. రంధ్రాల మధ్య దూరం ఎక్కువున్న సిలికాన్ స్ట్రాప్ ఒకచోట వదులు, తర్వాతి చోట బిగుతు అవుతుంది. సాగే నైలాన్ స్ట్రాప్‌తో ఆ ఇబ్బంది ఉండదు.

మన దగ్గర ఇంకో రెండు చూసుకోవాలి. గాజులున్న చేతికే వాచ్ పెడితే అవి ప్రతి అడుగుకీ వాచ్‌ను తడుతూ ఉంటాయి. గుడిలో కట్టిన ఎర్ర దారం సెన్సర్ కిందికి జారితే వాచ్ ఒక పక్కకి లేస్తుంది. పెళ్లయిన ఆడవాళ్లకు దారం కట్టేది సాధారణంగా ఎడమ చేతికే కాబట్టి, వాచ్ కుడి చేతికి మార్చుకుని సెట్టింగుల్లో కూడా కుడి చెయ్యి అని పెట్టుకుంటే సరిపోతుంది. కొత్త వాచ్ అయితే సెన్సర్ మీద ప్లాస్టిక్ పొర మిగిలిపోయిందేమో చూడండి. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్, ఎండిన చెమట ఉప్పు పేరుకుంటే తడి గుడ్డతో తుడిస్తే పోతాయి.

విశాఖ ఉక్కపోతలో గుండె నిజంగానే పరుగెడుతుంది, ఆ నేరం వాచ్ మీద వేయకూడదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో ఒంట్లో నీరూ తగ్గుతుంది, దాంతో ఒక్కో బీటుకు గుండె పంపే రక్తం తగ్గిపోతుంది. ఆ లోటు తీర్చడానికి అదే వేగంతో నడుస్తున్నా గంటలో 10, 15 బీట్లు పెరగొచ్చు. ఈ పెరుగుదల మెల్లగా, మెట్టు మెట్టుగా వస్తుంది. అడుగులను పట్టుకున్న వాచ్ మాత్రం ఒక్క గెంతులో 95 నుంచి 115కి పోతుంది. ఫోన్‌లో గ్రాఫ్ తెరిస్తే ఈ రెండూ స్పష్టంగా వేరుగా కనిపిస్తాయి.

చలిలో పరిస్థితి దీనికి తలకిందులు. లంబసింగిలోనో అరకులోనో తెల్లవారుజామున చర్మం కింది నాళాలు ముడుచుకుంటాయి, సెన్సర్‌కు అందే సంకేతం బలహీనపడి అంకెలు గెంతుతాయి. ముందు అయిదు నుంచి పది నిమిషాలు మెల్లగా నడిచి చేతులు వెచ్చబడ్డాక వర్కవుట్ మోడ్ నొక్కండి. ఆ మోడ్ నొక్కడం ఎక్కడైనా తప్పనిసరే, మామూలుగా ఉన్నప్పుడు చాలా వాచ్‌లు కొన్ని నిమిషాలకోసారే కొలుస్తాయి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు కదా అని బ్యాటరీ సేవర్ పెట్టుకుంటే కూడా కొలతల మధ్య ఎడం పెరుగుతుంది.

జిమ్‌లో డంబెల్ బిగించి పట్టుకున్నప్పుడు ముంజేతి కండరాలు, వాటిని ఎముకకు కలిపే స్నాయువులు సెన్సర్ కింద కదులుతాయి, అంకె తరచూ తక్కువ చూపిస్తుంది. మెట్లు పరుగున ఎక్కి దిగే ఇంటర్వెల్స్‌లో వాచ్ సగటు తీసుకుని చూపిస్తుంది కాబట్టి పది నుంచి ముప్పై సెకన్లు వెనకబడుతుంది. ఈ రెండు పనులకూ మణికట్టు సరైన చోటు కాదు, ఎంత ఖరీదైన వాచ్ అయినా అంతే.

గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకు కొన్ని బీట్లు మణికట్టు దాకా బలంగా రావు, వాచ్ తక్కువ చూపిస్తుంది. నాడి పట్టి చూసినా మధ్యలో తప్పుతున్నట్టు తెలుస్తుంటే వాచ్ మార్చడం కాదు, ఈసీజీ తీయించుకోవాలి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వాచ్ ఏం చూపించినా 108కి ఫోన్ చేయండి.

ఖచ్చితమైన అంకె కావాలంటే ఛాతీ స్ట్రాప్ కొనుక్కోండి. అది వెలుగు మీద ఆధారపడదు, గుండె విద్యుత్ సంకేతాన్నే తీసుకుంటుంది. ఛాతీ కండరానికి సరిగ్గా కింద, జారకుండా కట్టుకోవాలి. ఎలక్ట్రోడ్ మెత్తలను ముందే నీళ్లతో తడపాలి. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేదాకా మొదటి కొన్ని నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి. వాడిన ప్రతిసారీ స్ట్రాప్‌ను మంచినీళ్లలో జాడించి, పాడ్‌ను, అంటే స్ట్రాప్‌కు తగిలించే చిన్న సెన్సర్ బిళ్లను, విడదీసి ఆరబెట్టండి. తడి స్ట్రాప్‌కే వదిలేస్తే పాడ్ ఆన్‌లోనే ఉండి బటన్ సెల్ తొందరగా అయిపోతుంది.