పీసీతో డయలప్ సర్వర్ పెట్టాం, టెలిఫోన్ ఎక్స్ఛేంజి చుక్కలు చూపించింది

1998 నవంబర్‌లో ప్రైవేటు వాళ్లకి ఇంటర్నెట్ లైసెన్సులు ఇవ్వడం మొదలయ్యాక మా ఓనరు గారు కూడా మా ఊళ్లో ఫోను లైను మీద ఇంటర్నెట్ ఇచ్చే (డయలప్) చిన్న సర్వీసు పెట్టారు. ఒకేసారి చాలా కాల్స్ తీసుకునే యాక్సెస్ సర్వర్ అనే పెట్టె కొనే స్తోమత లేదు. పెంటియమ్ పీసీలో లినక్స్ వేసి, ఎనిమిది పోర్టుల సీరియల్ కార్డు పెట్టి, ఫోను లైన్లని కంప్యూటర్‌కి కలిపే మోడెమ్‌లు తగిలించాను. ఎమ్‌గెట్టీ అనే ప్రోగ్రాము ఫోను ఎత్తుతుంది, తర్వాత ఇంటర్నెట్ కనెక్షన్ సంగతి పీపీపీడీ అనే ప్రోగ్రాము చూసుకుంటుంది. ఎమ్‌గెట్టీని ఆటోపీపీపీ (కాల్‌ని తనే గుర్తించి పీపీపీడీకి అప్పగించే) ఆప్షన్‌తో కంపైల్ చేయండి, లేకపోతే విండోస్ 95 వాళ్లు టెర్మినల్ విండోలో పాస్‌వర్డు కొట్టుకోవాలి. ఎనిమిది మందీ ఎక్కినా మెషీన్ మీద లోడే కనబడదు, గర్వంగా చెబుతున్నాను.

నరకమంతా హంటింగ్ దగ్గరే. కస్టమర్లు ఒకే నంబరుకి డయల్ చేస్తారు, అది బిజీ అయితే ఎక్స్ఛేంజి తర్వాతి లైనుకి పంపాలి. పగలు బాగానే ఉండేది. రాత్రి నలుగురు ఎక్కాక ఐదోవాడికి రింగు వెళ్తూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. ఇక్కడేమో నాలుగు మోడెమ్‌లు ఖాళీ. సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ ఫైల్లో రింగు వచ్చిన జాడే లేదు. ఐదో నంబరుకి విడిగా చేస్తే శుభ్రంగా ఎత్తుతోంది!

ఎక్స్ఛేంజి ఆయన పగటిపూట వచ్చి, మొదటి నంబరుకి చేసి, మోడెమ్ కూత విని, "లైన్లు బాగానే ఉన్నాయి. ఈ డబ్బాలతో ఇంటర్నెట్ నడుస్తుందా?" అన్నాడు, కస్టమర్ల ముందే. ఓనరు గారు నా వైపు తిరిగి "ఏమయ్యా, నువ్వేగా సరిపోతుందన్నావు" అన్నారు. తల కొట్టేసినట్లయింది. మోడెమ్ మార్చాను, కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. ఏం లాభం లేదు.

చివరికి ఒక మెడికల్ షాపాయన "మీకు డయల్ చేస్తే మోడెమ్‌లో ఎవరో హలో అంటున్నారండీ" అన్నాడు. ఆ సాయంత్రమే నాలుగు లైన్లూ నిండేదాకా ఆగి, మామూలు ఫోన్ నుంచి చేశాను. "హలో, బియ్యం కొట్టు అండీ!" హంటింగ్‌లో మా ఐదో నంబరు బదులు ఆ కొట్టు నంబరు ఎక్కించారు. కొట్టు మూశాక అక్కడ ఫోను మోగుతూనే ఉంటుంది. ఆ లైను ఖాళీగా ఉంది కాబట్టి కాల్ అక్కడే ఆగిపోతుంది, ఆరో లైనుకి వెళ్లదు. ఎత్తితే ఎవరూ మాట్లాడటం లేదని ఆ కొట్టాయన కూడా విసిగిపోయి ఉన్నాడు, పాపం.

కాగితం మీద రాసిచ్చాక ఎక్స్ఛేంజి వాళ్లు ఒక్క అంకె మార్చారు. క్షమించమన్న మాట కూడా లేదు. తెలియకపోతే తెలియదనాలి గానీ, పనిచేసేవాణ్ణి నలుగురిలో తక్కువ చేయడం ఏం పద్ధతి?

హంటింగ్‌లో ఉన్న నంబర్ల లిస్టు రాతపూర్వకంగా అడగండి, నోటిమాట నమ్మొద్దు. ఎమ్‌గెట్టీ ఆపి, ముందున్న మోడెమ్‌లకి ఏటీహెచ్1 (ఫోను ఎత్తి ఉంచే) కమాండ్ ఇస్తే ఆ లైన్లు బిజీ అవుతాయి. అలా ఒక్కో లైనూ పగలే పరీక్షించుకోవచ్చు.

56కె మోడెమ్ కొని స్పీడు రాలేదని మమ్మల్ని తిట్టిన వాళ్లకొక మాట: మా వైపు కూడా ఎనలాగ్ (మామూలు ఫోను) లైనే ఉండేది, స్పీడు 33.6కె (సెకనుకి 33.6 కిలోబిట్లు) దాటేది కాదు. 56కె స్పీడు రావాలంటే మాకు ఎక్స్ఛేంజి నుంచి డిజిటల్ లైను కావాల్సి వచ్చేది. దానికి అప్లికేషన్ ఆ ఎక్స్ఛేంజి ఆఫీసులోనే ఇచ్చాం, అప్పటికి జవాబు రాలేదు.