నాలుగు సెంటీమీటర్ల లెక్క

ఈ రోజు ఉదయం నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు మొదట వచ్చినవాడు ఒక ట్రాక్టరు డ్రైవరు. ప్రమాదంలో మోకాలి కింది ఎముక ముక్కలై, చీము పట్టి, ఎంతకీ అతకకపోవడంతో హైదరాబాదులో ఇలిజరోవ్ రింగులు బిగించి పంపారు. చర్మంలోంచి ఎముకలోకి దిగిన తీగలు, వాటిని పట్టి ఉంచే ఉక్కు వలయాలు చూసి కొత్తగా వచ్చినవాళ్ళు ముఖం తిప్పుకుంటారు గానీ, ఆయన భార్య మాత్రం రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావు మిల్లీమీటరు చొప్పున, ఎముక సాగడానికి నట్లు తిప్పుతూ ఉంటుంది. పాదం కిందికి జారిపోకుండా పిక్కను సాగదీయడం, మోకాలు బిగుసుకుపోకుండా వంచడం నా పని. ఆ కాలు నిలవడానికి ఆయనకు వేరే దారి లేదు కాబట్టి నొప్పి గురించి ఆయన పెద్దగా మాట్లాడడు.

ఈ పద్ధతిని 1950ల్లో సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో గవ్రీల్ ఇలిజరోవ్ అనే వైద్యుడు రూపొందించాడు. ఎముకను జాగ్రత్తగా కోసి, కొన్ని రోజులు ఆగి, ఆ తర్వాత రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ పోతే ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుందని ఆయన నిరూపించాడు. పోలియోతో ఒక కాలు పొట్టిదైనవాళ్ళకు, అతకని విరుగుళ్ళకు ఇది పెద్ద వరం. అదే వరం ఇప్పుడు ఏ జబ్బూ లేని కాళ్ళకు కూడా అమ్ముడుపోతోంది.

ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, సాయంత్రం మర్రిగూడ నుంచి మా అన్న కొడుకు ఫోను చేశాడు. వాడు పోలీసు ఉద్యోగానికి చాలాకాలంగా తయారవుతున్నాడు. తెలంగాణలో వాడి కేటగిరీ మగవాళ్ళకు కానిస్టేబులు కావడానికి కావలసిన కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు, వాడు 164 దగ్గర ఆగిపోయాడు. "అత్తమ్మా, బొక్కలు కోసి ఎత్తు పెంచుతరట, నాకు నాలుగు సెంటీమీటర్లయితే సరిపోతది, నువ్వేమంటవ్?" అని అడిగాడు. పావుగంట మాట్లాడేసరికి ఆ నాలుగు కాస్తా ఏడున్నర అయింది. ఎలాగూ కోస్తున్నప్పుడు మూడంగుళాలు పెంచుకుంటే పెళ్ళి సంబంధాలకూ పనికొస్తుందట. కోరుకునే అంకె పెరిగే కొద్దీ ప్రమాదం కూడా పెరుగుతుందన్న సంగతి వాడు చూసిన వీడియోల్లో ఎవరూ చెప్పినట్టు లేదు.

వాడికి చెప్పిందీ, ఫోను పెట్టేశాక గుర్తొచ్చిందీ కలిపి ఇక్కడ రాసుకుంటున్నాను. ఎముక పెరుగుతుంది, అది నిజమే. కానీ దానికి అంటిపెట్టుకున్న కండరాలు, నరాలు, రక్తనాళాలు ఎముకంత తేలిగ్గా పెరగవు; అవి సాగాలి, సాగడానికి వాటికీ ఒక హద్దు ఉంటుంది. పిక్క కండరం సాగనని మొండికేస్తే మడమ నేలకు ఆనదు, మనిషి మునివేళ్ళ మీద నడవాల్సి వస్తుంది. మోకాలి పక్కగా దిగే నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు. కొత్త ఎముక వంకరగా రావచ్చు, ఆలస్యంగా రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. తీగలు దిగినచోట చీము పట్టవచ్చు. కొన్ని పద్ధతుల్లో తొడ ఎముక లోపలికి లోహపు కడ్డీ దించుతారు, అలా దించేటప్పుడు మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికే వస్తుంది. ఇది అరుదే, కానీ జబ్బు లేని మనిషికి అరుదైన ప్రమాదాన్ని కూడా ఎందుకు తెచ్చిపెట్టాలన్నది నా ప్రశ్న.

రింగులు వద్దు, ఇప్పుడు లోపలే పొడవయ్యే కడ్డీలు వచ్చాయి కదా అని వాడన్నాడు. వచ్చాయి, బయటి అయస్కాంతంతో వాటిని సాగదీస్తారు. అయితే వాటిలో పూర్తి బరువు మోస్తుందని పేరు తెచ్చుకున్న స్ట్రైడ్ అనే ఉక్కు కడ్డీని, దాని చుట్టూ ఎముకలో మార్పులు కనిపించడంతో, 2021లో తయారీదారే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇక ఖర్చు లక్షల్లో ఉంటుంది, అన్న తనకున్న ఒక్కగానొక్క మెట్ట చెలక అమ్మాలి. దాని గురించి ఇంకేమీ రాయను.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే సంగతి. ఏడున్నర సెంటీమీటర్లంటే డెబ్బై అయిదు రోజులు సాగదీయాలి, అది గట్టిపడడానికి అంతకు రెట్టింపు పైనే పడుతుంది, ఆపైన మళ్ళీ నడక నేర్చుకోవాలి. అంత చేసి ఎత్తు కొలిచే చోట నెగ్గినా, వాడికి ఇంకా 1600 మీటర్ల పరుగూ, లాంగ్‌జంపూ మిగిలే ఉంటాయి. వాడి దగ్గర ఇప్పుడున్న ఒకే ఒక ఆస్తి ఆ పరుగు, తూకంలో అవతలి పక్క పెడుతున్నదీ అదే.

మా నాయిన మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవాడు. ఆ నీళ్ళకు ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయి, చివరి రోజుల్లో మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది, నేలమీద కూర్చుంటే ఇద్దరు లేపాలి. బాసింపట్టు వేసుకుని అన్నం తినడం, చేలో గొంతుక్కూర్చుని కలుపు తీయడం, ఎవరూ చేయి పట్టకుండా లేవడం ఎంత పెద్ద సంపదో ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదనుకున్నాను. తాత పోయేనాటికి వీడు చంటిపిల్లవాడు, ఏం గుర్తుంటుంది!

నేను వాడికి కాదని చెప్పలేదు, ఇరవై దాటినవాడికి ఒద్దంటే ఇంట్లో చెప్పకుండా వెళతాడు; 2016లో హైదరాబాదులో ఒక కుర్రాడు తల్లిదండ్రులకు తెలియకుండా ఈ శస్త్రచికిత్స చేయించుకున్న సంగతి పత్రికల్లో పెద్ద గొడవే అయింది. రెండు షరతులు మాత్రం పెట్టాను. డాక్టరు దగ్గరికి నేను వెంట వస్తాను, ఎంతమందికి చేశారు, వాళ్ళలో ఎందరు మళ్ళీ పరిగెత్తారు అని నేనే అడుగుతాను. అంతకంటే ముందు ఒక మానసిక వైద్యుణ్ణి కలవాలి. మంచి ఆసుపత్రులు తామే ఆ సంగతి అడుగుతాయి. "నేనేమన్న పిచ్చోణ్ణా?" అని కోపం చేసుకుని పెట్టేశాడు. కోపం రెండు రోజుల్లో తగ్గుతుంది. ఈలోగా అన్నతో మాట్లాడి చెలక కాగితాలు బయటికి తీయవద్దని చెప్పాలి. గ్రూప్-4 గుమాస్తా ఉద్యోగానికి ఎవరూ ఎత్తు కొలవరు, దానికి కావలసిన జనరల్ నాలెడ్జి చాలామటుకు వాడు కానిస్టేబులు పరీక్ష కోసం ఇప్పటికే చదివాడు కాబట్టి, ఆ మాట కూడా నెమ్మది మీద చెప్పి చూడాలి.